పూతల పొరల్లో చరిత్ర: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు పాత కార్ల మూలవర్ణ నిర్ణయం, పునరుద్ధరణ

వ్యాససంగ్రహం:
పాత కారుపై ఉన్న రంగుపొరలను అలంకారంగా మాత్రమే గాక చారిత్రకాధారంగా కూడా చూడాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం 1953 వరకు బళ్లారి జిల్లాలో ఉండి, తరువాత కర్నూలు జిల్లాలో చేరింది. అందువల్ల ఇక్కడి వాహనాల కాగితపు ఆధారాలను రెండు చోట్ల వెతకవలసి ఉంటుంది. అటువంటి పరిస్థితిలో కారుపై మిగిలిన పూత ముఖ్యసాక్ష్యం అవుతుంది. మూలవర్ణాన్ని గుర్తించే పద్ధతులను, వాటి పరిమితులను, పునరుద్ధరణలో పాటించవలసిన నియమాలను ఇందులో పరిశీలించడమైంది.

కీలక పదాలు: ఆదోని, ఎమ్మిగనూరు, పాత కార్లు, మూలవర్ణం, పునరుద్ధరణ, భౌతికాధారాలు.

1. ప్రవేశిక:
తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితుడు ప్రక్షిప్తమని తోచిన పద్యాన్ని వెంటనే కొట్టివేయడు. ప్రతులను పోలుస్తాడు, పాఠాంతరాలను నమోదు చేస్తాడు, తన నిర్ణయానికి కారణం చెబుతాడు. పాత కార్లను బాగుచేసే షెడ్డులో సాధారణంగా జరిగేది దీనికి విరుద్ధం. రంగునంతటినీ రేకు వరకు గీకి, లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, యజమాని మెచ్చిన రంగు వేస్తారు. కారు కొత్తదిగా కనిపిస్తుంది. కాని దశాబ్దాల పాటు ఒకదానిపై ఒకటి పేరుకున్న సాక్ష్యం కొద్ది రోజుల్లో ధూళిగా మారిపోతుంది. తాళపత్రానికి మరోచోట నకలు దొరకవచ్చు. ఈ పొరలకు నకలు లేదు. అందువల్ల గీకడానికి ముందే చదవడం అవసరం.

2. ప్రాంతం, కాగితపు ఆధారాలు:
1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన దత్తమండలాల్లో ఆదోని ఒకటి. ఆ తరువాత ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లాలో కొనసాగింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. వీటిలో ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాకు వచ్చాయి. కనుక 1940లలో ఆదోనిలో తిరిగిన కారు కాగితాల కోసం కర్నూలులో మాత్రమే వెతికే పరిశోధకుడు సగం దారిలోనే ఆగిపోతాడు. 1939 నాటి మోటారు వాహనాల చట్టం కింద జరిగిన నమోదులకు సంబంధించి నాటి బళ్లారి జిల్లా పాలనను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇంట్లో దాచిన పాత ఫొటోలు రెండో రకం ఆధారం. అయితే నలుపు తెలుపు ఫొటోను నేరుగా నమ్మరాదు. ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్ ఎరుపు కాంతిని గ్రహించదు. అందులో ఎర్రని కారు నల్లగా, నీలి కారు తెల్లగా వెలిసినట్లు కనిపిస్తుంది. తరువాత వచ్చిన పాంక్రోమాటిక్ ఫిల్మ్‌లో ఈ దోషం చాలావరకు తగ్గింది. ‘తాతగారి కారు నలుపు’ అనే కుటుంబ జ్ఞాపకం కారును చూసి ఏర్పడిందో, ఫొటోను చూసి ఏర్పడిందో విచారించాలి.

3. పూతల కాలక్రమం:
తొలినాటి కార్లకు గుర్రపు బండ్లకు వేసినట్లే అవిసెనూనె రంగులు, వార్నిష్‌లు అనేక పూతలుగా వేసేవారు. అవి ఆరడానికి వారాలు పట్టేది. ఫోర్డ్ సంస్థ మోడల్-టి కారును 1914 నుంచి 1925 వరకు నలుపు రంగులోనే విక్రయించింది. 1920లలో డ్యూపాంట్ సంస్థ ‘డ్యూకో’ అనే నైట్రోసెల్యులోజ్ లాకర్‌ను తెచ్చింది. జనరల్ మోటార్స్ దానిని మొదట 1924 మోడల్ ఓక్‌లాండ్ కార్లకు నీలిరంగులో వాడింది. గంటల్లో ఆరే ఈ లాకర్ వల్ల కార్ఖానాలలో రంగుల సంఖ్య పెరిగింది.

ఈ లాకర్ పుట్టుక పత్తి ఊరైన ఆదోనికి అపరిచితమైనది కాదు. పత్తిగింజకు అంటుకొని మిగిలే పొట్టి నూగును శుద్ధి చేసి, ఆమ్లాలతో చర్య జరిపితే నైట్రోసెల్యులోజ్ వస్తుంది. పూత పెళుసుబారకుండా కలిపే పదార్థాలలో ఆముదం ఒకటి. జిన్నింగు మిల్లులు, నూనె మిల్లులు ఎరిగిన ఊరికి ఈ రెండు ముడిసరుకులూ తెలిసినవే.

1930లలో ఆల్కిడ్ ఎనామెళ్లు, 1950లలో అక్రిలిక్ లాకర్లు, ఆ తరువాత రెండు భాగాలుగా కలిపి వాడే పాలీయురెథేన్ పూతలు వచ్చాయి. వర్ణద్రవ్యాలకు కూడా ఇటువంటి కాలసూచనలు ఉన్నాయి. థాలోసయనిన్ నీలం 1935లో మార్కెట్‌లోకి వచ్చింది. అది కనిపించిన పొర అంతకు ముందుది కాజాలదు. శాసనంలోని లిపి శాసనకాలానికి పూర్వావధిని సూచించినట్లే, వర్ణద్రవ్యం పూతకు పూర్వావధిని సూచిస్తుంది.

4. మూలవర్ణాన్ని గుర్తించే పద్ధతి:
మొదట ఎండ, వాన, పాలిష్ తగలని చోట్లను పరిశీలించాలి. డాష్‌బోర్డు వెనుక, తలుపు లోపలి అట్ట కింద, సీట్ల కింద, డిక్కీ మూలల్లో, పేరుబిళ్ల వెనుక, రబ్బరు పట్టీల అడుగున తొలి పూత మిగిలే అవకాశం ఎక్కువ. షెడ్డులో మళ్లీ రంగు వేసేటప్పుడు ఇటువంటి భాగాలను తరచుగా విప్పరు.

తరువాత కంటికి ఆనని ఒక చోట, రూపాయి బిళ్లంత మేర, సన్నని ఎమరీ కాగితంతో తడిచేస్తూ వాలుగా అరగదీయాలి. పొరలు వలయాలుగా బయటపడతాయి. లోపలి వలయం రేకు. దాని చుట్టూ ప్రైమర్, ఆపైన తొలి రంగు, వెలుపలికి వచ్చేకొద్దీ తరువాతి రంగులు. పాత పూతల్లో సీసం ఉండవచ్చు కనుక పొడిగా రుద్దరాదు. ముఖానికి మాస్కు తప్పనిసరి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రేకు మీది మొదటి పొర అసలు రంగు కాకపోవచ్చు, అది ప్రైమర్ కావచ్చు. రెండు రంగుల మధ్య మట్టి లేదా మైనం చారిక కనిపిస్తే, ఆ రెండింటి మధ్య కారు కొంతకాలం రోడ్డు మీద తిరిగిందని ఊహించవచ్చు. కార్ఖానాలో వెంటవెంటనే వేసిన పూతల మధ్య ఆ చారిక ఉండదు. పెచ్చు అంచును సూక్ష్మదర్శినిలో చూస్తే ఇది స్పష్టమవుతుంది. ఎక్స్-రే ఫ్లోరెసెన్స్ పరికరం కారును గీకకుండానే సీసం, జింకు, టైటానియం వంటి మూలకాలను పట్టిస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ వర్ణపట విశ్లేషణ పూతలోని బంధకాన్ని గుర్తిస్తుంది. పరికరాలు లేనిచోట దూదితో కొద్దిగా థిన్నర్ అద్ది చూడవచ్చు. లాకర్ కరిగి దూదికి అంటుతుంది; బాగా గట్టిపడిన పాలీయురెథేన్ సులభంగా కదలదు.

దొరికిన రంగును కూడా ఉన్నదున్నట్లు స్వీకరించరాదు. ఎండలో రంగు వెలుస్తుంది. చీకట్లో అవిసెనూనె పూత పసుపెక్కుతుంది. అందుచేత దాగిన చోటి నమూనాలను రెండు మూడింటిని పోల్చాలి. పోలిక పగటి వెలుగులో జరగాలి. ట్యూబులైటు కింద ఒకటిగా కనిపించిన రెండు రంగులు ఎండలో వేరుపడవచ్చు. మాచాని సోమప్ప చొరవతో 1938లో చేనేత సహకార సంఘం ఏర్పడిన ఎమ్మిగనూరులో నూలు రంగు తెలిసినవారికి ఈ విషయం కొత్త కాదు.

5. ఏ పొర మూలం?
తొలి పొరే ఎల్లప్పుడూ చారిత్రకంగా ముఖ్యమైనదని చెప్పలేము. హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. దానిని తెప్పించ తలపెట్టిన ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లోనే మరణించాడు. ఆ కారు పసుపు రంగు. ఆసఫ్‌జాహీల జెండా రంగు కూడా పసుపే. అక్కడ తొలి రంగే రాజచిహ్నం కనుక దానిని మార్చితే అర్థమే మారిపోతుంది. కాని ఒక సాధారణ కారు తొలి యజమాని వద్ద రెండేళ్లు, రెండో యజమాని వద్ద మరో రంగులో ముప్పై ఏళ్లు తిరిగిందనుకుందాం. ఊరివారి జ్ఞాపకంలో నిలిచేది రెండో రంగే. ఏ దశను నిలపాలో నిర్ణయించేది పొరల వరుస కాదు, ఆ వాహనపు జీవితం.

6. పునరుద్ధరణ నియమాలు:
ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలన్నది 1964 నాటి వెనిస్ ఒడంబడిక సారం. చారిత్రక వాహనాల కోసం అంతర్జాతీయ సమాఖ్య ఫీవా రూపొందించిన ట్యూరిన్ ఒడంబడిక కూడా మార్పు కంటే పరిరక్షణకే ప్రాధాన్యం ఇస్తుంది. భారత ప్రభుత్వం 2021లో యాభై ఏళ్లు దాటిన వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నమోదును ప్రవేశపెట్టింది. ఆ నిర్వచనం ఛాసిస్, బాడీ, ఇంజిన్‌ల మార్పును పట్టించుకుంటుంది. రంగును కాపాడే బాధ్యత ప్రధానంగా యజమాని, పనివారి విచక్షణపైనే నిలుస్తుంది.

ఆచరణలో నాలుగు మెట్లు సూచించవచ్చు. తొలి పూత చాలావరకు మిగిలి ఉంటే మృదువుగా శుభ్రం చేసి ఆగిపోవాలి. లాకర్ పలుచనిది కనుక పదేపదే పాలిష్ పట్టరాదు. చెడిన భాగానికి మాత్రమే రంగు వేయాలి. మొత్తం వేయక తప్పనప్పుడు నాటి మెరుపుకు దగ్గరగా వేయాలి. నేటి పూతల అద్దపు నిగనిగ 1930ల కారుకు పరాయిది. చివరగా, పాత పొరలన్నీ కనిపించే అరచేతి వెడల్పు చోటును కదపకుండా వదలాలి. దాని ఫొటోలు, నమూనాల స్థానాలు, తేదీలు కారు కాగితాలతో పాటు భద్రపరచాలి.

7. ముగింపు:
పత్తి వ్యాపారం, మిల్లులు, సహకార సంఘాలతో కూడిన ఆదోని, ఎమ్మిగనూరు ఇరవయ్యో శతాబ్ది చరిత్రను రాయడానికి కాగితాలు మాత్రమే చాలవు. పాలనా సరిహద్దు మారినచోట ఆ కాగితాలు కూడా చెదురుతాయి. ఆనాటి వాహనం ఎవరి చేతుల్లో, ఏ దశలు దాటి వచ్చిందో దాని పూత కొంతవరకు చెప్పగలదు. కళాశాలల చరిత్ర, రసాయనశాస్త్ర శాఖలు కలిసి ఈ పొరలను నమోదు చేసే పని చేపట్టడం సాధ్యమే. షెడ్డులో పనివారి అనుభవాన్ని కూడా ఆ నమోదులో చేర్చాలి. ఏ కారు ఎన్నిసార్లు రంగు మారిందో మొదట గమనించేది వారి చేతులే.