పాతబస్తీ ఫుట్‌బాలు, గంజాయి పరీక్ష

సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన కాలానికి, ఆటగాడి మూత్రంలో నిషిద్ధ పదార్థాలను వెదికే డోపింగ్ పరీక్ష ఫుట్‌బాలు మైదానాలకు ఇంకా రాలేదు.

నేడు ఆ పరీక్ష వెదికే పదార్థాల్లో గంజాయీ ఒకటి. పురానాపూల్ దగ్గరి ధూల్‌పేటలో నేటికీ ఎక్సైజ్ దాడులకు ఆధారమైన 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, పూతతో, కాయతో కూడిన గంజాయి కొనలను నిషేధించి, భంగుకు వాడే ఒట్టి ఆకును ఆ నిర్వచనంలో చేర్చకుండా వదిలింది. డోపింగ్ పరీక్ష మాత్రం మొక్కలో ఏ భాగమని అడగదు. మత్తునిచ్చే టీహెచ్‌సీ శరీరంలో మిగిల్చే జాడనే కొలుస్తుంది గనుక, చట్టం ఉపేక్షించిన హోలీ భంగు కూడా పోటీ రోజున ఆటగాడిని దోషిగా నిలబెట్టగలదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2013లో మూత్రంలో ఆ జాడకు అనుమతించే పరిమితిని మిల్లీలీటరుకు 15 నుంచి 150 నానోగ్రాములకు పెంచగా, అమెరికా కళాశాలల క్రీడాసంఘం 2024లో అగ్రశ్రేణి పోటీల నిషిద్ధ జాబితా నుంచి గంజాయిని తొలగించింది.