ఇంట్లోనే కారు ఇంజిన్ పార్టులకు పాలిష్ చేస్తున్నారా? అక్కడ మాత్రం అస్సలు రుద్దొద్దు!

నర్సీపట్నం: చింతపల్లి ఘాట్ ఎక్కే పాత జీపైనా, ఇంటి ముందు నిలిపిన కారైనా.. బానెట్ ఎత్తితే ఇంజిన్ తళతళలాడాలని చాలామంది ముచ్చటపడతారు. పాలిష్ ఇంట్లోనే చేసుకోవచ్చు. కానీ ఎక్కడ రుద్దకూడదో తెలియకపోతే ఇంజిన్‌కే ఎసరు!

జిడ్డు వదిలించాలి: వాల్వ్ కవర్ లాంటి అల్యూమినియం పార్టులను విప్పాకే పని మొదలుపెట్టాలి. ముందు డీగ్రీజర్‌తో కడగాలి. కాస్టిక్ సోడా వద్దు. అది అల్యూమినియాన్ని తినేస్తుంది. పైగా మంట అంటుకునే హైడ్రోజన్ వాయువు పుడుతుంది.

వరుస తప్పొద్దు: 320, 600, 1000, 2000 నంబర్ల వాటర్ పేపర్లతో తడుపుతూ రుద్దాలి. ముందు పేపర్ గీతలు పోయాకే తర్వాతది పట్టుకోవాలి. చివర్లో మెటల్ పాలిష్, మెత్తటి గుడ్డ చాలు.

ఇక్కడే జాగ్రత్త: గ్యాస్కెట్ కూర్చునే అంచును రుద్దొద్దు. కాస్త పల్లం పడినా ఆయిల్ కారుతుంది. లోపలివైపు పేపర్ రజను మిగిలితే ఆయిల్‌లో కలిసి బేరింగులను గీకేస్తుంది. అందుకే బోల్టు రంధ్రాలతో సహా సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే బిగించాలి.

మెషీన్ వాడితే: మాస్క్, కళ్లద్దాలు తప్పనిసరి. ఇనుము అరగదీసే గ్రైండర్‌పై అల్యూమినియం పెట్టొద్దు. నిప్పురవ్వ పడితే అల్యూమినియం పొడి భగ్గుమంటుంది. దానిపై నీళ్లు పోస్తే మంట ఇంకా రేగుతుంది. పొడి ఇసుకతో మెల్లగా కప్పేయాలి.

మెరుపు తగ్గితే మళ్లీ తెచ్చుకోవచ్చు. బేరింగ్ పోతే మాత్రం ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే!