కస్తూర్బా కథను పిల్లలకు చెప్పిన తీరు

నాయకుడి జీవితకథ రాయడం తెలుగువాళ్లకు త్వరగానే పట్టుబడింది. విజ్ఞాన చంద్రికా మండలి తొలి పుస్తకంగా గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర 1907లోనే వచ్చింది. నాయకుడి భార్య జీవితాన్ని పిల్లలకు చెప్పడం మాత్రం ఈనాటికీ కుదురుకోలేదు. నిజానికి ఆడవాళ్ల చరిత్రలు లింకన్ చరిత్ర కంటే ముందే మొదలయ్యాయి. మండలికి ప్రాణం పోసిన కొమర్రాజు లక్ష్మణరావుకు చదువులో తోడుగా నడిచిన అక్క భండారు అచ్చమాంబ. ఆమె ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ 1901లో అచ్చయింది. ఆడవాళ్లకు తెలివి తక్కువన్న వాళ్లకు జవాబుగా రాణులనూ విదుషీమణులనూ వరసగా నిలబెట్టిందామె. అయితే ఆ వరస తర్వాతి వాళ్ల చేతుల్లో సుగుణాల పట్టికగా మారింది. ఓర్పు, త్యాగం, పతిభక్తి. పిల్లల పుస్తకాల్లోకి దిగింది ఆ పట్టికే.

తెలుగులో పిల్లల పుస్తకాల సంగతి చెప్పాలంటే తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాన్ని తలచుకోవాలి. పుస్తకం జనం దగ్గరకు నడిచి వెళ్లిన సీమ ఇది. తెనాలి దగ్గరి పెదపాలెం నుంచి పాతూరి నాగభూషణం 1935లో కాలవ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. కొల్లూరు వైపు పల్లెలకు పుస్తకాలు నీళ్ల మీద వచ్చేవి. రేపల్లె వైపు కావూరులో తుమ్మల బసవయ్య వినయాశ్రమం గాంధీ మార్గాన్ని పల్లెలకు దగ్గర చేసింది. తెనాలి మనిషి చక్రపాణి 1947 జులైలో నాగిరెడ్డితో కలిసి మద్రాసులో ‘చందమామ’ తెస్తే, తెనాలిలోనే పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి దాన్ని దిద్దారు. పిల్లలకు తేటగా, సూటిగా చెప్పే తెలుగు ఆ పత్రికలో స్థిరపడింది.

బాపట్లలో కనుపర్తి వరలక్ష్మమ్మ ఉన్నారు. 1896లో అక్కడే పుట్టి, 1931లో అక్కడే స్త్రీ హితైషిణీ మండలి పెట్టారు. ‘గృహలక్ష్మి’ పత్రికలో ఆమె రాసిన శారద లేఖలు స్నేహితురాలికి ఉత్తరాల్లా సాగుతాయి. ఖద్దరు, బాల్యవివాహాలు, ఆడవాళ్ల హక్కులు, అన్నీ అందులోకి వచ్చాయి. ఇంటి గొంతుతో దేశం సంగతి చెప్పే ఆ పద్ధతే నాయకుడి ఇల్లాలి కథకు సరిగ్గా సరిపోయేది. పిల్లల జీవితచరిత్రలు దాన్ని అందుకోకపోవడం నాకు పెద్ద లోటుగా కనిపిస్తుంది.

ఆ లోటు గాంధీజీ భార్య కస్తూర్బా విషయంలో కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పిల్లలకు ఇన్నాళ్లూ చెబుతూ వచ్చిన కథ ఇంతే: 1869లో పోరుబందరులో పుట్టింది, పదమూడో ఏట పెళ్లయింది, భర్త వెంట నడిచింది, 1944 ఫిబ్రవరి 22న పుణెలోని ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలోనే పోయింది. తేదీలకు తప్పు పట్టనక్కర్లేదు. కనిపించనిదల్లా మనిషి.

గాంధీజీ ఆత్మకథలో ఆమె వేరుగా ఉంటుంది. డర్బన్ ఇంట్లో అతిథుల మలమూత్రాల కుండలు ఎత్తాలి. పంచమ కులంలో పుట్టి క్రైస్తవుడైన ఒక గుమాస్తా కుండ వంతు వచ్చింది. కోపంతో ఎర్రబడ్డ కళ్లతో, కన్నీళ్లు కారుతుండగా, కుండ చేత పట్టుకుని ఆమె మెట్లు దిగుతోంది. నవ్వుతూ చేయాలని గాంధీజీ కేకలేశారు, చేయి పట్టుకుని గేటు దాకా లాగారు. సిగ్గులేదా, ఈ పరాయి దేశంలో నేనెక్కడికి పోవాలని ఆమె నిలదీసింది. ఆయన తలుపు మూశారు. ఇందులో ఆమెకు తాతలనాటి అంటు పట్టింపూ ఉంది, ఆయనకు మగవాడి పెత్తనమూ ఉంది. పదేళ్ల పిల్లలకు ఈ రెండూ చెప్పొచ్చు, వాళ్లకు అర్థమవుతాయి.

1901లో నగల గొడవ ఇంకోటి. దక్షిణాఫ్రికా నుంచి తిరిగి వచ్చేటప్పుడు జనం ఇచ్చిన కానుకల్లో ఆమెకొచ్చిన బంగారు హారం ఉంది. అన్నీ ప్రజల ట్రస్టుకు పోవాలన్నారాయన. రేపు కోడళ్లొస్తే వాళ్లకేం పెడతావు, నా హారం మీద నీకేం హక్కు, నేను రాత్రింబవళ్లు చేసిన చాకిరీ సేవ కాదా అని ఆమె అడిగింది. హారం పోయింది, ప్రశ్న మిగిలింది.

అదే మనిషి, మళ్లీ దక్షిణాఫ్రికాలో ఉండగా, 1913లో తనంత తానుగా జైలుకెళ్లింది. క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్లిళ్లు చెల్లవని కేప్ కోర్టు తీర్పు ఇవ్వడంతో, అక్కడి భారతీయ భార్యల్లో చాలామంది చట్టం కంటికి ఏమీ కాకుండా పోయారు. సత్యాగ్రహంలో దిగిన ఆమెకు ఆ సెప్టెంబరులో మూడు నెలల కఠిన శిక్ష పడింది. మెట్ల మీద ఏడ్చిన సంగతి తీసేస్తే, ఈ జైలు కూడా భర్త చెప్పాడు కనుక వెళ్లినట్టే అనిపిస్తుంది. గొడవపడ్డ మనిషని తెలిస్తేనే ఇది ఆమె సొంత నిర్ణయంగా పిల్లలకు కనబడుతుంది.

ఆమె పోయాక స్మారక నిధికి కోటి రూపాయలకు పైగా పోగై, పల్లె ఆడవాళ్ల, పిల్లల సేవకు మళ్లింది. 2004లో చదువు మధ్యలో ఆగిన ఆడపిల్లల కోసం కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు మొదలయ్యాయి. చదువు అంతంతమాత్రంగానే అబ్బిన ఆమె, డెబ్బై మూడేళ్లు దాటాక, ఆగాఖాన్ భవనంలో భర్త దగ్గర భూగోళం పాఠాలకు కూర్చుంది. ఆమె పేరున్న బడిలో ఆరో తరగతిలో చేరే పిల్ల చేతికిచ్చే పుస్తకంలో ఆ పాఠాలుండాలి, హారం గొడవుండాలి, డర్బన్ మెట్లుండాలి.