బక్కవాళ్ళ షుగర్ ఏ లెక్కలోకి వస్తుంది?

షుగర్ అంటే తిని కూర్చునే బలిసినవాళ్ళ రోగం. పిల్లలకు వచ్చేది ఒక రకం, పెద్దలకు వచ్చేది ఇంకో రకం. సూది మందు మొదలైందంటే రకమే మారిపోయినట్టు. కోలారు జిల్లాలో తెలుగు మాట్లాడే పల్లెల్లోనూ, కేజీఎఫ్ గని లైన్లలోనూ ఈ మాటలు ఇప్పటికీ వినిపిస్తాయి. మూడూ తప్పే. మొదటి రకం నడివయసులోనూ రావచ్చు, రెండో రకం కాలేజీ పిల్లల్లోనూ కనిపిస్తోంది, అరవై ఏళ్ళ తాతకు ఇన్సులిన్ రాసినంత మాత్రాన ఆయన రెండో రకం నుంచి మొదటి రకంలోకి మారడు. అయితే ఈ తప్పులన్నిటినీ చదువులేనితనం ఖాతాలో రాసెయ్యడం న్యాయం కాదు. వీటిలో ప్రతి ఒక్కటీ ఒకనాడు వైద్యులు చెప్పిన పాఠమే. వైద్యం తన కొలబద్దను మార్చుకున్న ప్రతిసారీ పాత కొలబద్దను జనం దగ్గరే వదిలేసి వెళ్ళింది. ఇవాళ్టి గందరగోళం అలా పేరుకుపోయినదే.

బక్క, లావు అన్న కొలత అన్నిటికన్నా పాతది. సుశ్రుత సంహిత ప్రమేహాన్ని రెండుగా విడదీసింది. తల్లిదండ్రుల బీజదోషం వల్ల పుట్టుకతో వచ్చేది సహజం, తిండి తప్పుల వల్ల వచ్చేది అపథ్య నిమిత్తం. మొదటిదాని రోగి కృశించి ఉంటాడు, తక్కువ తింటాడు, దాహంతో అల్లాడతాడు. రెండోదాని రోగి లావుగా, తిండిపోతుగా, పడక వదలకుండా ఉంటాడు. ఇది చూపించి టైప్ వన్, టైప్ టూ మనవాళ్ళకు ఎప్పుడో తెలుసని వాదించేవారున్నారు. రోగిని చూసిన చూపులో ఉన్న నిశితత్వం కాదనలేనిది. కానీ లెక్క తిరగబడుతుంది. ఇవాళ మనకు తెలిసినంతలో తల్లిదండ్రుల నుంచి సంతానానికి గట్టిగా సంక్రమించేది రెండో రకమే. మొదటి రకం పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఇంకెవరికీ ఆ జబ్బు ఉండదు. కాబట్టి ఆ రెండు జతలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి సరిపోయాయనడం కుదరదు.

యూరప్‌లోనూ ఇదే చూపు. రోగి మూత్రంలో తీపికి కారణం చక్కెరేనని లివర్‌పూల్ వైద్యుడు మాథ్యూ డాబ్సన్ 1776లో తేల్చాడు. మరో వందేళ్ళకు, 1880 ప్రాంతంలో, పారిస్‌లో లాన్సెరో అనే వైద్యుడు బక్కవారి మధుమేహం, లావువారి మధుమేహం అని విడదీశాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే జాన్ టేలర్ కంపెనీ కోలారు బంగారు గనుల్లో అడుగుపెట్టింది. అంతకు కొద్ది ముందే 1876-78 కరువు మైసూరు సంస్థానాన్ని ఊడ్చేసింది. గనుల్లోకి దిగినవాళ్ళలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు, చిత్తూరు, కోలారు పల్లెల నుంచి వచ్చిన పేదలు. వాళ్ళ జబ్బులనగానే వైద్యులకు తట్టింది రాతి ధూళి వల్ల ఊపిరితిత్తులకు వచ్చే సిలికోసిస్, గనిలో బండలు పేలి (రాక్ బరస్ట్) తగిలే గాయాలు. 1907లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ఉష్ణదేశాల్లో మధుమేహం గురించి చర్చ పెట్టినప్పుడు, మన దేశం నుంచి వెళ్ళిన రోగి బొమ్మ బాగా తిని, కదలకుండా కూర్చుని మెదడుతో పనిచేసే పట్టణ బాబుది. పారతో మట్టి తోడే కూలీ ఆ బొమ్మలో లేడు. షుగర్ దొరల రోగమన్న మాట జనం నోట్లోకి ఇలా వచ్చి పడింది. రాగిముద్ద తినేవాళ్ళకు షుగర్ రాదన్న ధీమా కూడా దీని తోబుట్టువే. ముద్దలో ఉన్నదీ పిండిపదార్థమే కదా!

1922లో ఇన్సులిన్ మొదటిసారి రోగికి ఎక్కించాక కొలబద్ద మారింది. ఇన్సులిన్ ఇస్తే కొందరిలో చక్కెర చప్పున దిగుతోంది, కొందరిలో దిగడం లేదని 1936లో లండన్ వైద్యుడు హెరాల్డ్ హిమ్స్‌వర్త్ చూపించాడు. తేడా ఒంట్లోని పనితీరులో ఉందని అర్థమైంది. అయినా ఆసుపత్రుల్లో మాత్రం వయసును బట్టి పిల్లల షుగర్, పెద్దల షుగర్ అనే పిలుపే చాలాకాలం నడిచింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని పక్కనపెట్టి చికిత్సను బట్టి పేర్లు ఖాయం చేసింది: ఇన్సులిన్ మీద ఆధారపడేది, ఆధారపడనిది. కేసు షీట్ల మీద ఐడీడీఎం, ఎన్ఐడీడీఎం అన్న పొడి అక్షరాలు అలా వచ్చినవే. బిళ్ళలు పనిచేయక ఇన్సులిన్ మొదలుపెట్టిన రోగి ఆ కాగితాన్ని చూసి తన రకం మారిందనుకుంటే తప్పెవరిది? ఆధారపడనిది అని పేరు పెట్టి, పదేళ్ళకు అదే రోగికి సూది గుచ్చారు మరి. ఈ ఇబ్బంది గమనించే 1997లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్, 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పేర్లను రద్దు చేసి, కారణాన్ని బట్టి టైప్ వన్, టైప్ టూ అన్నాయి. రోగనిరోధక వ్యవస్థే క్లోమంలోని బీటా కణాలను నాశనం చేస్తే మొదటిది. ఇన్సులిన్ ఉన్నా ఒళ్ళు దానికి సరిగా లొంగక, పోనుపోను దాని ఉత్పత్తి కూడా తగ్గితే రెండోది.

ఈ మార్పుల మధ్యలో ఒక రకం వచ్చి, మాయమైంది. కోలారు పక్కన తమకలో శ్రీ దేవరాజ్ అర్స్ వైద్య కళాశాల 1986లో మొదలైంది. దానికి ఒక్క ఏడాది ముందు, 1985లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పట్టికలో పోషకాహార లోపంతో ముడిపడిన మధుమేహాన్ని ప్రత్యేక తరగతిగా చేర్చింది. 1955లో జమైకాలో హ్యూ-జోన్స్, 1959లో ఇండొనేషియాలో జుయిడెమా, ఆపైన కేరళలో గీవర్గీస్ చూసిన రోగులు అందులోకి వచ్చారు. అందరూ బక్కగా, పేదగా, చిన్న వయసులో ఉన్నవాళ్ళు. కొందరి క్లోమంలో రాళ్ళు కనిపించేవి. చక్కెర ఎంత పెరిగినా, మొదటి రకంలోలా ఒళ్ళు ఆమ్లమయమై స్పృహ తప్పడం వీళ్ళలో అరుదు. 1999కి వచ్చేసరికి తరగతి రద్దయింది. క్లోమంలో రాళ్ళున్నవారిని ‘ఇతర రకాల’ కిందికి నెట్టి, తిండిలేమి ఒక్కటే షుగర్‌కు కారణమవుతుందనడానికి ఆధారం చాలదని మిగతావారిని వదిలేశారు. అంటే 1986లో చేరిన విద్యార్థి చదివిన పట్టిక వేరు, 2000లో చేరిన విద్యార్థి చదివింది వేరు. డాక్టర్లే రెండు తరాల్లో రెండు పట్టికలు చదివితే, వాళ్ళ ముందు కూర్చున్న రోగి ఒక్క పట్టికను కంఠతా పట్టాలనడం ఎక్కడి సబబు?

ఆధారం చాలనప్పుడు తీసెయ్యడమే శాస్త్రం కదా అని ఆక్షేపించవచ్చు. ఆధారం ఎందుకు చాలలేదో కూడా అడగాలి. ఖరీదైన పరీక్షలు జరిగిన చోట ఈ రోగులు లేరు, రోగులున్న చోట ఆ పరీక్షలు లేవు. కోలారు మీదుగా పారే పాలారు దిగువన ఉన్న వేలూరు సీఎంసీ వైద్యులు, న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలవారితో కలిసి ఆ పరీక్షలు చేసి 2022లో ప్రచురించారు. బక్కగా ఉన్న ఈ రోగుల్లో ఇన్సులిన్ ఉత్పత్తి బాగా తక్కువ, కానీ ఒళ్ళు దానికి బాగానే లొంగుతోంది. అది రెండో రకం లక్షణం కాదు, పూర్తిగా మొదటి రకం తీరూ కాదు. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దీనికి టైప్ ఫైవ్ అని పేరు పెట్టింది. నిపుణులందరూ ఇంకా ఒప్పుకోలేదు, ఈ అంకె కూడా మారవచ్చు. రోగులు మాత్రం తరగతి రద్దయిన 1999 నుంచి ఆ పాతికేళ్ళూ ఉంటూనే ఉన్నారు, ఏదో ఒక తప్పు గడిలో.

పేరేదైతేనేం, చక్కెర దిగితే చాలదా అనేవారికి జవాబు ఆసుపత్రుల్లోనే ఉంది. మొదటి రకం పిల్లకు షుగర్ తగ్గిందని పసరు మందు మొదలుపెట్టి ఇన్సులిన్ ఆపేస్తే కొద్దిరోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. తిండిలేమి షుగర్ ఉన్న బక్క కూలీకి టైప్ వన్ లెక్కన ఎక్కువ మోతాదు ఇన్సులిన్ ఇస్తే, పూట గడవని ఇంట్లో చక్కెర పడిపోయి చనిపోవచ్చు. పేరు వల్లే ప్రాణం పోవడం కూడా జరిగింది. చక్కెరతో ఏ సంబంధమూ లేని డయాబెటిస్ ఇన్సిపిడస్ రోగులను ఆసుపత్రుల్లో షుగర్ రోగులుగా పొరబడి, వాళ్ళకు కావలసిన హార్మోన్ మందు ఇవ్వక చంపుకున్న ఘటనల తర్వాత, 2022లో ఆ జబ్బు పేరే మార్చాలని నిపుణుల సంఘాలు ప్రతిపాదించాయి.

మన జిల్లా ఆసుపత్రుల్లో కేసు షీట్ తెరిస్తే మొదటి వరుసలోనే ‘కే/సీ/ఓ డీఎం’ అని ఉంటుంది, షుగర్ ఉన్న మనిషని అర్థం. ఏ రకమో చాలాసార్లు రాయరు. రాసినా టీ2 అని రాస్తారు, ఎక్కువమందికి అది సరిపోతుంది కూడా. పాతికేళ్ళ వయసు, నలభై కిలోల బరువు ఉన్న మనిషి దగ్గర మాత్రం ఆ చెయ్యి ఒక్క క్షణం ఆగాలి. క్లోమంలో రాళ్ళున్నాయేమో చూసే స్కానింగ్, ఒంట్లో సొంత ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పే సీ-పెప్టైడ్, బీటా కణాల మీద దాడి జరుగుతోందో లేదో తేల్చే యాంటీబాడీ పరీక్ష జరిగేదాకా ఆ గడిని ఖాళీగా ఉంచడమే మేలు.