లామినేట్ అంటే ఏమిటి? ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు?

పలుచని పొరలను ఒకదానిపై ఒకటి పేర్చి, మళ్ళీ విడదీయలేనంత గట్టిగా అతికించిన షీటునే లామినేట్ అంటారు. జిగురు, వేడి, ఒత్తిడి కలిసి ఈ పని చేస్తాయి. లాటిన్‌లో 'లామినా' అంటే పలుచని రేకు. మన ఇళ్లలో ఇది చాలా చోట్ల కనిపిస్తుంది.

సన్‌మైకా: ఇది నిజానికి ఒక బ్రాండ్ పేరు. వాడుకలో ఆ రకం షీట్లన్నిటికీ అదే పేరు స్థిరపడింది. రెజిన్‌లో తడిపిన కాగితాల మీద డిజైన్ కాగితం ఉంచి, వేడిచేస్తూ గట్టిగా నొక్కి తయారుచేస్తారు. మరకలు తుడిస్తే పోతాయి. కానీ పొయ్యి మీది గిన్నె దించి నేరుగా దానిపై పెట్టకండి. అంచుల్లోంచి నీళ్లు దిగితే లోపలి చెక్క ఉబ్బిపోతుంది.

ప్లైవుడ్: చెక్క పొరలను ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా అతికిస్తారు. అందుకే మామూలు పలకలా తేలిగ్గా వంకరపోదు. కొనేటప్పుడు షీటు మీద ముద్ర చూడండి. ఐఎస్ 303 సాధారణ వాడకానికి, ఐఎస్ 710 మెరైన్ రకం. సింకు కింద, నీళ్లు తగిలే చోట రెండోదే మేలు.

కారు ముందు అద్దం: రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. అద్దం పగిలినా ముక్కలు ఆ పొరకే అంటుకుని ఉంటాయి, మనుషుల మీదికి ఎగిరిపడవు. ఫ్రాన్స్‌కు చెందిన ఎడ్వర్డ్ బెనెడిక్టస్ 1909లో ఇలాంటి అద్దానికి పేటెంట్ తీసుకున్నారు.

సర్టిఫికెట్లు: ఇక్కడే జాగ్రత్త కావాలి. భద్రంగా ఉంటాయని చాలామంది ఒరిజినల్ సర్టిఫికెట్లకు లామినేషన్ చేయిస్తారు. తర్వాత గల్ఫ్ ఉద్యోగానికో, విదేశీ చదువుకో అటెస్టేషన్ అవసరమైనప్పుడు చిక్కు వస్తుంది. స్టాంపు, సంతకం పడాల్సింది కాగితం మీద, ప్లాస్టిక్ మీద కాదు. ఊడదీద్దామంటే సిరా లేస్తుంది, కాగితం చిరుగుతుంది. కాబట్టి డిగ్రీ, మార్కుల మెమో, బర్త్ సర్టిఫికెట్, నిఖానామా వంటివాటిని ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టుకోండి. లామినేషన్ జిరాక్స్ కాపీకి చేయించండి.

ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు: అతికిన పొర మళ్ళీ ఊడదు. అద్దానికి అదే బలం, సర్టిఫికెట్‌కు అదే నష్టం.