పాతకారు జీర్ణోద్ధారము



ఇంట వృద్ధుడున్నచో వైద్యుడు తరచుగా వచ్చును. ఇంట పాతకారున్నచో మెకానికు తరచుగా వచ్చును. ఇరువురిని గృహస్థు అడుగు ప్రశ్న ఒక్కటే: తక్కువ వ్యయముతో మునుపటి సత్తువ వచ్చు ఉపాయమేదైన కలదా? వృద్ధుని సంగతి వైద్యులకు విడిచి, కారు విషయమున ఈ ప్రశ్నకు చరిత్ర యేమి సమాధానము చెప్పుచున్నదో నేడు మీతో ముచ్చటింపదలచితిని. వ్యాకరణమును కావ్యములను చెప్పుకొని బ్రతికిన పంతులుకు ఇంజనుతో పనియేమని మీరు శంకింపవచ్చును. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల బడులలో నేను ముప్పదియేండ్లు పనిచేసితిని. ఈ మూడును అప్పుడు వరంగల్లు జిల్లాలోనివి. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన మూడు జిల్లాలకు కేంద్రములైనవి. ఆ కాలమంతయు పాతకార్లలో తిరిగినవాడను గావున వాని బాగోగులు కొంత యెరుగుదును.

మొదట సామర్థ్యమనగా నేమో తేల్చుకొనవలెను. కౌటిల్యుని అర్థశాస్త్రమున రథాధ్యక్షుడను అధికారిని గూర్చి ఒక అధ్యాయము కలదు. అందు దేవోత్సవములకు వాడు రథము, యుద్ధరథము, ప్రయాణరథము, శిక్షణకై వాడు రథము వేరువేరుగా చెప్పబడినవి. ఏ రథము దేనికొరకో తెలిసినగాని అది సమర్థమగునో కాదో చెప్ప వీలులేదని నేను దీనినుండి గ్రహించితిని. మన యూళ్ళలో కారు సామర్థ్యమును కొలుచుటకు జనులు వాడు మాటలు రెండు: ఒకటి పికప్పు, రెండవది మైలేజి. లారీని దాటవలసివచ్చినపుడు కావలసినది పికప్పు. నెలాఖరున కావలసినది మైలేజి. ఈ రెంటి నడుమ జరిగిన పెనుగులాటయే మన సామాన్యుని కారు చరిత్ర.

హైదరాబాదు రాజ్యమున 1932వ సంవత్సరము జూను మాసమున నిజాం రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. ఏడేండ్లు గడచునంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. పెట్రోలునకు కరువేర్పడెను. అప్పుడు మన దేశమున బొగ్గుబస్సులు బయలుదేరినవి. బండి వెనుక ఒక పొయ్యిని బిగించి, చాలినంత గాలి తగులనీయక బొగ్గును మండించి, అందు పుట్టిన వాయువును వడగట్టి ఇంజనునకు పంపెడివారు. ఫ్రాన్సు దేశస్థుడైన జార్జి ఎంబేర్ మొదలగువారు అంతకుముందే 1920వ దశకమున ఇట్టి యంత్రములను నిర్మించియుండిరి. దీనివలన ఇంజను శక్తి మూడవవంతునుండి సగమువరకు తగ్గిపోయెడిది. ఎత్తు వచ్చినచో ప్రయాణికులు దిగి నడచెడివారని మా పెద్దలు చెప్పగా వింటిని. అయినను ఆనాటికి అదియే గొప్ప మార్పు. ఏలయన కదలని బండికంటె మెల్లగా కదలు బండి మేలు గదా!

స్వాతంత్ర్యము వచ్చిన పిదప మన రోడ్లను ఏలినది అంబాసిడరు. 1942లో స్థాపింపబడిన హిందుస్థాన్ మోటార్సు సంస్థ, ఆంగ్లేయుల మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ తరగతి నమూనాను గైకొని, 1957లో బెంగాలులోని ఉత్తరపాడాయందు దీనిని తయారుచేయ మొదలిడెను. మొదటి ఇంజనులో వాల్వులు సిలిండరునకు ప్రక్కగా నుండెడివి. 1959లో దాని స్థానమున వాల్వులు తలమీద నుండు 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను వచ్చెను. దాని బలము 55 అశ్వశక్తులు. వాల్వులు పైకి వచ్చినంతనే బలమేల పెరుగవలెను? మనుష్యునకువలె ఇంజనునకును ప్రాణము శ్వాసయందున్నది. గాలి వంకరత్రోవను గాక తిన్నగా లోనికి పోయినచో ఎక్కువగా పోవును. మండుగది చిన్నదై పొందికగా నున్నచో ఆ గాలిని మరింత గట్టిగా అదిమి మండింపవచ్చును. నేటివరకు జరిగిన మార్పులలో ననేకము ఈ రెండు సూత్రములమీదనే నిలిచియున్నవి.

1973లో అరబ్బు దేశముల చమురు నిర్బంధము సంభవించెను. పెట్రోలు ధర పైకెగసెను. 1980 ప్రాంతమున అంబాసిడరునకు డీజిలు ఇంజను వచ్చినది. దాని బలము 37 అశ్వశక్తులు మాత్రమే. అనగా పెట్రోలు ఇంజనుకంటె మూడవవంతు తక్కువ. అయినను టాక్సీవారు దానిని కన్నులకద్దుకొనిరి. పెట్రోలు కారు కొన్నవారు సైతము దాని ఇంజనును దింపించి డీజిలు ఇంజనును ఎక్కించుకొనిరి. పుస్తకమున ఇది బలహీనత. జమాఖర్చుల లెక్కలో ఇదియే బలము. పిదప 1992–93 ప్రాంతమున జపానుదేశపు ఇసుజు సంస్థ నమూనాపై చేసిన 1817 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను, 75 అశ్వశక్తులతో, ఐదు గేర్లతో వచ్చినది. ముసలి దేహమున పడుచు గుండెను పెట్టినట్లయ్యెను. ముందు చక్రములకు డిస్కు బ్రేకులును వచ్చినవి. 2014 మే మాసమున ఉత్తరపాడాలో ఆ కారు నిర్మాణము నిలిచిపోయినది.

ఇంతలో 1983 డిసెంబరు 14వ తేదీన మారుతి 800 వచ్చెను. మూడు సిలిండర్లు, 796 ఘన సెంటీమీటర్లు, 40 అశ్వశక్తులకు లోబడిన బలము. అంబాసిడరు బలముతో పోల్చిన ఇది అల్పము. కాని దాని బరువు ఇంచుమించు 650 కిలోగ్రాములు. అంబాసిడరు బరువు 1100 కిలోగ్రాములకు పైమాట. టన్నునకు ఇంత బలమని లెక్కించినచో చిన్నదే గెలిచెను. బరువు తగ్గించుటయు బలము పెంచుటయే యని మారుతి మన యిల్లాండ్రకును నేర్పినది. 2014 జనవరిలో అదియు నిలిచినది. ఇట్లు మన రెండు తరముల కార్లును ఒకే యేట ముగిసి, పాతవి మాత్రము మన వాకిళ్ళలో మిగిలినవి.

పాశ్చాత్యులును ఈ బాటనే నడచిరి. అమెరికాలో 1908 నుండి 1927 వరకు కోటి యేబదిలక్షల ఫోర్డు ‘టి’ కార్లు తయారైనవి. వాని బలము 20 అశ్వశక్తులు. ఆ పేదవాని కారుకు బలము పెంచుటకై షెవర్లె సోదరులు ఫ్రాంటెనాక్ అను పేర సిలిండరు తలలను చేసి అమ్మిరి. ఇటలీలో కార్లో అబార్త్ 1949లో ఒక సంస్థను పెట్టి, చిన్న ఫియట్ కార్లకు సైలెన్సరులను, ఇతర సరంజామాను అమ్మి కీర్తిగాంచెను. ఇంగ్లండులో 1959లో వచ్చిన మినీ కారు బలము 34 అశ్వశక్తులు. జాన్ కూపరు అను పందెపుకార్ల నిర్మాత ప్రోద్బలముతో 1961లో దానిని 55 అశ్వశక్తులకు పెంచిరి. ఇచ్చట మీరు గమనింపవలసిన విషయము కలదు. బలము పెంచిన ఆ కారునకే ముందు చక్రములకు డిస్కు బ్రేకులు పెట్టిరి. ఉరకనేర్చిన గుఱ్ఱమునకు గట్టి కళ్ళెము కావలెనని వారెరుగుదురు. లెక్కయును అట్లే చెప్పుచున్నది. గంటకు 60 కిలోమీటర్ల వేగమునుండి 80కి పోయినచో, బ్రేకులు అణచవలసిన శక్తి ఇంచుమించు 1.8 రెట్లగును. వేగము మూడవవంతు పెరిగినది. భారము రెట్టింపునకు చేరువైనది.

చరిత్ర యిట్లుండగా నేటి గృహస్థు ఏమి చేయవలెను? ఒక ఉదాహరణము చెప్పెదను. భూపాలపల్లి బొగ్గుగనులయొద్ద పనిచేయు నా పూర్వవిద్యార్థి యొకడు తండ్రినాటి మారుతి కారును తెచ్చి, ‘‘సారూ, దీనికి పికప్పు లేదు. పెద్ద సైలెన్సరు, వెడల్పు టైర్లు ఏయించుమంటున్నరు. ఏయిద్దునా?’’ అని యడిగెను. ఇరువురమును మానుకోటలోని ఒక వృద్ధ మెకానికు వద్దకు పోతిమి. ఆయన ఇంజనును ముట్టలేదు. జాకీ పెట్టి ముందు చక్రమును పైకెత్తి చేతితో త్రిప్పెను. అది అరచుట్టు తిరిగి నిలిచిపోయెను. బ్రేకు పట్టుకొనియున్నది! పిదప ఏర్ ఫిల్టరును తీసి నేలపై తట్టగా బొగ్గుపొడి రాలినది. టైర్లలో గాలి సగమే యున్నది. డిక్కీలో ఏండ్లనాటి ఇనుపసామాను ఉన్నది. ‘‘బిడ్డా, నీ బండికి బలం తక్కువలేదు, పట్టుడు ఎక్కువున్నది’’ అని ఆయన నవ్వెను. ఫిల్టరు తప్ప మరేమియు క్రొత్తగా కొనకయే ఆ సాయంకాలమునకు కారు లేడివలె కదలినది.

ఆ మెకానికు ఏ శాస్త్రమును చదువలేదు. కాని ఆయన పాటించిన క్రమము శాస్త్రసమ్మతము. మొదట అడ్డములను తొలగింపవలెను: పట్టుకొన్న బ్రేకులు, గాలి తగ్గిన టైర్లు, అనవసరపు బరువు, ఊరక మోయుచున్న టాపు క్యారియరు. పైసా ఖర్చులేని మార్పులివి. రెండవది శ్వాస: ఏర్ ఫిల్టరు, కార్బొరేటరు శుద్ధి. మూడవది నిప్పు: స్పార్కు ప్లగ్గులు, తీగలు, పాత అంబాసిడరులలో పాయింట్లు. ఆ పాయింట్ల నడుమ సందు మిల్లీమీటరులో నాలుగు పదవవంతుల ప్రాంతమున నుండవలెను. అరుగుటవలన అది మారి, నిప్పు వేళతప్పి పుట్టును. పాయింట్లకు మారుగా ఎలక్ట్రానిక్ ఇగ్నిషను పెట్టించుట చవకయైన, నిలుకడయైన మార్పు. నాలుగవది కంప్రెషను: రింగులు, వాల్వులు అరిగినచో మండిన వాయువు ప్రక్కదారిని పోవును. వాల్వులు గ్రైండింగు చేయించుటయు, అవసరమైనచో బోరు చేయించుటయు పోయిన బలమును తిరిగి తెచ్చును. ఇన్నియు చేసిన పిమ్మట గాని క్రొత్త బలమును గూర్చి తలపోయరాదు.

ఇంధనమును గూర్చియు ఒక మాట. 1921లో అమెరికాలో పెట్రోలున సీసము కలిపినచో ఇంజను కొట్టుకొనుట మానునని కనుగొనిరి. ఆ సీసము పాత ఇంజనుల వాల్వు సీట్లను అరుగకుండ కాపాడెడిది. కాని అది విషము. పసిపిల్లల మెదళ్ళను చెరచును. అందుచేత 2000వ సంవత్సరమున మన దేశమున సీసపు పెట్రోలును మాన్పించిరి. కనుక పాత ఇంజనునకు హెడ్డు విప్పినపుడు గట్టి వాల్వు సీట్లు వేయించుట మేలు. 2025 నాటికి పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ళు ఎథనాలు కలిపితిమని ప్రభుత్వము ప్రకటించినది. ఎథనాలునందు పెట్రోలుకంటె శక్తి మూడవవంతు తక్కువ; పాత రబ్బరును అది మెత్తబరచును. కావున ఇంధనపు గొట్టములను, కార్బొరేటరు రబ్బరులను ఎథనాలునకు ఓర్చువానితో మార్పించుకొనవలెను. కారిన పెట్రోలు వేడి ఇంజనుపై పడినచో ఏమగునో నేను చెప్పనక్కరలేదు.

సైలెన్సరులను కోసివేసి చప్పుడు పెంచుకొను యువకులకు మన సామెత చాలును: కందెన వేయని బండికి కావలసినంత సంగీతము. చప్పుడు బలము కాదు. పైగా అది చట్టవిరుద్ధము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రమందలి వివరములు నిర్మాత చెప్పినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళనుండి వచ్చిన వ్యాజ్యమున ఈ నియమమునే దృఢపరచినది. ఇంజను మార్పింపదలచినవారు ముందుగా రిజిస్ట్రేషను అధికారి అనుమతిని పొందవలెను. సొంతకారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును. పరీక్షలో నిలిచినచో 5 ఏండ్లకొకసారి పొడిగింతురు. తెలిసీ తెలియని మార్పుల కొరకు వేలు వెచ్చించి, ఆ పరీక్షలో ఓడి, ఉన్న కారునే పోగొట్టుకొనుట తెలివి గాదు.

శిథిలమైన ఆలయమును ఉద్ధరించువాడు మొదట పునాదిని చూచును, పిదప స్తంభములను, కడపట శిఖరమును. శిఖరమునకు బంగారుపూత పూసి పునాదిని విడిచినచో అది భక్తులమీదనే కూలును. పాతకారునకు పునాది బ్రేకులు, టైర్లు, స్టీరింగు, స్తంభములు శ్వాస, నిప్పు, కంప్రెషను, వేగము శిఖరము. జనగామనుండి హైదరాబాదునకు రాత్రివేళ రోగిని తీసికొనిపోవు కుటుంబమునకు, మిర్చి అమ్మి మానుకోటనుండి ఇల్లు చేరు రైతునకు, బొగ్గులారీల నడుమ భూపాలపల్లి దారిని పోవు కార్మికునకు పందెమున గెలుపు అక్కరలేదు. పిలిచినపుడు కదలి, అవసరమైనపుడు అందుకొని, అడ్డము వచ్చినపుడు నిలుచు బండి కావలెను. వెచ్చింపగల ధనము కొంచెమైనపుడు దానిలో మొదటి రూపాయి నిలుచుటకును, రెండవ రూపాయి కదలుటకును, మిగిలినచో మూడవది పరుగునకును వినియోగింపుడు. నూరేండ్ల కారు చరిత్ర నాకు నేర్పినది ఇంతమాత్రమే.