అణుశీతం, భూతాపం: కృష్ణా డెల్టా

అణుయుద్ధమూ వాతావరణ మార్పూ వేర్వేరు ప్రమాదాలుగా మొదలై, గత నాలుగు దశాబ్దాల్లో ఒకే చర్చలో కలిశాయి. ఆ కలయికను విజయవాడ నుంచి చూస్తే ముందుగా గుర్తొచ్చేది బాంబు కాదు, వరి.

బాంబులు రేపే మంటల పొగ సూర్యుణ్ణి కప్పేస్తుందని 1982లో పాల్ క్రూట్జెన్, జాన్ బర్క్స్ రాశారు. మరుసటి ఏడాది కార్ల్ సాగన్ తదితరులు లెక్కలు కట్టడంతో ‘అణుశీతకాలం’ అనే మాట లోకమంతా పాకింది. ఆ లెక్కలు అతిగా ఉన్నాయని 1986లో స్టీఫెన్ ష్నైడర్ వంటివారు తగ్గించి చూపారు. ప్రచ్ఛన్నయుద్ధం ముగిశాక చర్చ సద్దుమణిగింది.

దాన్ని మళ్లీ లేపింది మన ఉపఖండమే. 1998 మేలో భారత్, పాకిస్తాన్ అణుపరీక్షలు జరిపాయి. ఈ రెండు దేశాలూ హిరోషిమా స్థాయి బాంబులు వంద ప్రయోగిస్తే సుమారు 50 లక్షల టన్నుల మసి ఎగువ వాతావరణంలోకి చేరి, భూమి ఒక డిగ్రీకి పైగా చల్లబడుతుందని, ఆసియా రుతుపవనాలు బాగా తగ్గుతాయని 2007లో అలన్ రోబోక్, బ్రయన్ టూన్ బృందం అంచనా వేసింది. ప్రపంచం వినాశనానికి ఎంత దగ్గరుందో చూపే అమెరికా అణుశాస్త్రవేత్తల ‘ప్రళయ గడియారం’ వాతావరణ మార్పును తొలిసారి లెక్కలోకి తీసుకున్నదీ ఆ ఏడాదే. అంత మసి పైకి చేరదని 2018లో లాస్ అలమోస్ శాస్త్రజ్ఞులు వాదించారు. ఆ తగవు ఇంకా తెగలేదు.

కృష్ణా డెల్టాలో సుమారు 13 లక్షల ఎకరాలు ప్రకాశం బ్యారేజీ కాలువల మీద బతుకుతున్నాయి. ఆ నీటిలో ఎక్కువ భాగం పడమటి కనుమల వాన. అక్కడ నైరుతి మొహం చాటేస్తే ఇక్కడ నారుమళ్లు ఆలస్యమవుతాయి. పైరు పొట్ట మీదున్నప్పుడు చలి ముదిరితే గింజ తాలుపోతుంది. విజయవాడలోని గవర్నర్‌పేట మీద బాంబు పడనక్కర్లేదు. బీసెంట్ రోడ్డు దుకాణాలన్నీ తెరిచే ఉండవచ్చు, బియ్యం మాత్రం రాదు.

రెండు ప్రమాదాలూ ఎదురెదురు పడిన చోటు విశాఖ. అణు జలాంతర్గామి అరిహంత్‌ను 2009 జులై 26న అక్కడే కొబ్బరికాయ కొట్టి నీళ్లలోకి దించారు. 2014 డిసెంబరులో అది సముద్ర పరీక్షలకు బయల్దేరింది. అంతకు రెండు నెలల ముందే, అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను నగరాన్ని చితక్కొట్టింది. నౌకాదళ స్థావరానికీ దెబ్బ తగిలింది. ఒక్క తుపానుకు భూతాపాన్నే కారణంగా చూపడం తొందరపాటే. అయితే సముద్రం వేడెక్కేకొద్దీ తుపాన్లకు బలం పెరుగుతుందన్నది రుజువైన సంగతి.

2024 సెప్టెంబరు ఆరంభంలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చింది. అదే వానలకు బుడమేరు వాగు గట్లు తెగి విజయవాడలోని సింగ్‌నగర్ మునిగింది. డెల్టాకు చలి, కరువు అణుశీతం తెచ్చే ముప్పయితే, కుండపోత భూతాపం తెచ్చే ముప్పు. ఒకటి రెండోదాన్ని రద్దు చేస్తుందనుకునేవారూ లేకపోలేదు. కానీ మసి పదేళ్లలోపే చాలావరకు కిందికి దిగిపోతుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం 1979 నుంచి వదులుతున్న బొగ్గుపులుసు వాయువులో మాత్రం గణనీయమైన భాగం వందల ఏళ్లు గాలిలోనే ఉంటుంది.